ఒంటిచేతి మహారచయిత సెర్వాంటెస్

ప్రపంచ సాహిత్యంతో కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్ళకైనా డాన్ క్విక్సోట్ పేరు తెలిసే ఉంటుంది. బక్కచిక్కిన గుర్రమెక్కి, తాతలనాటి తుప్పు పట్టిన కవచం తొడుక్కుని, గాలిమరలను రాక్షసులనుకుని ఈటె పట్టుకుని వాటి మీదికి దూకిన పిచ్చి పెద్దమనిషి అతడు. పక్కనే గాడిద నెక్కిన అమాయకపు సేవకుడు సాంచో పాంజా. ఈ ఇద్దరి కథ చదివి నవ్వనివాళ్ళు ఉండరు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఎక్కడో గుండె కలుక్కుమనకుండానూ ఉండదు.

ఆ కథ రాసిన మిగెల్ దె సెర్వాంటెస్ తన 24వ ఏట యుద్ధంలో ఎడమచేతి వాడకం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత 44 ఏళ్ళకు పైగా, అంటే చనిపోయేదాకా, ఒక్క చేత్తోనే బతికాడు. స్పెయిన్ దేశంలో ఆయన్ని నేటికీ లెపాంటో ఒంటిచేతివాడు అనే పిలుస్తారు. ఆ బిరుదు విని చెయ్యి తెగిపోయిందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తప్పు. చెయ్యి ఒంటిమీదే ఉంది, కాని అందులో కదలిక లేదు.

ఎడమచెయ్యే కదా, పోతే పోయిందిలే అనుకోవచ్చు మనం. మనవాళ్ళకు ఎడమచెయ్యంటే చిన్నచూపు ఎలాగూ ఉంది. కాని కుడిచెయ్యి చేసే ప్రతి పనికీ వెనక ఎడమచేతి ఆసరా ఉంటుంది. బావిలోంచి చేద తోడాలన్నా, పంచె కట్టుకోవాలన్నా, చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా రెండో చెయ్యి లేనిదే ఎంత కష్టమో ఒక్కపూట ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. ఇతరుల కష్టం తెలియాలని కొన్ని శిక్షణ శిబిరాల్లో కుర్రవాళ్ళ చేత అలా చేయిస్తుంటారు కూడా. ఒక చేతిని నడుముకు కట్టేసి, సాయంత్రం దాకా ఒంటిచేత్తో పనులు చేసుకోమంటారు. మంచిదే. కాని సాయంత్రం అయ్యేసరికి కట్టు విప్పేస్తారు. కట్టు విప్పే సాయంత్రం ఎన్నటికీ రాని మనిషి ఏం నేర్చుకున్నాడో తెలుసుకోవాలంటే సెర్వాంటెస్ జీవితం చదవాలి.

అప్పుల బాల్యం

మాడ్రిడ్ నగరానికి దగ్గరలో ఉన్న అల్కలా దె ఎనారెస్ అనే పట్నంలో 1547లో ఆయన పుట్టాడు. ఆ ఏడు అక్టోబరు 9న బాప్తిస్మం ఇచ్చినట్లు చర్చి పుస్తకంలో ఉంది. తండ్రి రొద్రీగో చిన్నపాటి శస్త్రవైద్యుడు. పెద్ద చదువులు చదివిన డాక్టరు కాడు. చెడ్డ నెత్తురు తీయడం, విరిగిన ఎముకలకు కట్లు కట్టడం ఆయన పని. ఒకప్పుడు మన పల్లెల్లో మంగలివాళ్ళు పుండ్లు కోసి మందు వేసేవారే, అటువంటి వృత్తే అనుకోండి. ఆయనకు చెవుడు కూడాను. సంసారం పెద్దది, రాబడి చిన్నది. మిగెల్ నాలుగైదేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడే అప్పులు తీర్చలేక తండ్రి వయ్యదొలీద్ పట్నంలో జైలుకు వెళ్ళాడు. ఇంట్లో సామాను జప్తు అయింది. అక్కడినుంచి ఆ కుటుంబం ఊరూరా తిరిగింది.

అల్కలా పట్నంలో గొప్ప విశ్వవిద్యాలయం ఉంది. కాని ఆ ఊళ్ళో పుట్టిన ఈ కుర్రవాడికి అందులో కాలు పెట్టి డిగ్రీ పుచ్చుకునే యోగం లేకపోయింది. మాడ్రిడ్‌లో హువాన్ లోపెస్ దె ఓయోస్ అనే పంతులుగారి దగ్గర కొంత చదువుకున్నాడు. స్పెయిన్ రాణి చనిపోయినప్పుడు ఆ పంతులుగారు 1569లో వేసిన సంతాప గ్రంథంలో ఈ శిష్యుడి పద్యాలు కొన్ని అచ్చయ్యాయి. అచ్చులో ఆయన పేరు కనిపించడం అప్పుడే మొదలు.

ఆ సంవత్సరమే ఇంకొక చోట కూడా ఆ పేరు కనిపిస్తుంది. మిగెల్ దె సెర్వాంటెస్ అనే యువకుడు ఒక మనిషిని కత్తితో గాయపరచాడనీ, అతని కుడిచెయ్యి బహిరంగంగా నరికి పదేళ్ళు దేశ బహిష్కారం చేయాలనీ ప్రభుత్వం ఇచ్చిన అరెస్టు ఉత్తరువు ఒకటి దొరికింది. ఆ యువకుడు మన రచయితే అని చాలామంది పండితుల అభిప్రాయం. ఏమైతేనేం, ఆ ఏడాది చివరికి సెర్వాంటెస్ స్పెయిన్ వదిలి ఇటలీ చేరాడు. రోములో ఒక మతాధికారి ఇంట కొన్నాళ్ళు కొలువు చేసి, ఆ తరువాత సైన్యంలో చేరాడు.

లెపాంటో

అప్పట్లో మధ్యధరా సముద్రం మీద పెత్తనం కోసం టర్కీ సుల్తానుకూ, స్పెయిన్, వెనిస్, పోపు కలిసి కట్టిన కూటమికీ పోరు నడుస్తోంది. 1571 అక్టోబరు 7న గ్రీసు తీరాన లెపాంటో దగ్గర రెండు నౌకాదళాలు తలపడ్డాయి. చెరొక పక్కా రెండు వందలకు పైగా ఓడలు. తెరచాపలున్నా యుద్ధంలో వాటిని నడిపేది తెడ్లు. ఆ తెడ్లు వేసేది గొలుసులతో బల్లలకు కట్టేసిన ఖైదీలు, బానిసలు. ఓడ మునిగితే వాళ్ళూ దానితోపాటు మునగవలసిందే.

మార్కెసా అనే ఓడలో సెర్వాంటెస్ ఉన్నాడు. ఆ రోజు ఆయనకు జ్వరం. కిందికి పోయి పడుకోమని పై అధికారీ, స్నేహితులూ చెప్పారు. ఆయన వినలేదు. జబ్బు సాకుతో దాక్కోవడం కంటే చావడం మేలని పట్టుబట్టి, ప్రమాదం ఎక్కువగా ఉండే చోట 12 మంది సైనికులతో నిలబడ్డాడు. ఆ పోరులో మూడు తుపాకి గుళ్ళు తగిలాయి. రెండు రొమ్ములో, ఒకటి ఎడమచేతిలో. రొమ్ము గాయాలు మానాయి. చేతిలో నరాలు మాత్రం చచ్చిపోయాయి.

సిసిలీ ద్వీపంలోని మెస్సీనా ఆసుపత్రిలో దాదాపు ఆరు నెలలున్నాడు. మత్తుమందు లేని కాలం, సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలం. బతికి బయటపడడమే గొప్ప. జీతం మీద నెలకు 3 ఎస్కూడోలు అదనంగా ఇచ్చారు. అంతకంటే ఆశ్చర్యం, ఆయన ఇంటికి వెళ్ళలేదు. 1572లోనే మళ్ళీ దళంలో చేరి ఇంకో మూడేళ్ళు సైనికుడుగా ఉన్నాడు. నవరీనో, ట్యూనిస్ దండయాత్రల్లో పాల్గొన్నాడు. ఆనాటి తుపాకి మందు కూరి, ఒత్తి అంటించి, భుజాన ఆనించి పేల్చాలి. రెండు చేతులున్నవాడికే అది తిప్పలు. పక్కవాడి సాయం లేకుండా ఒంటిచేతి సైనికుడు ఎలా నెట్టుకొస్తాడు? తీసుకునే సాయానికి సిగ్గుపడకుండా ఉండడం, ఇవ్వగలిగిన సాయం దాచుకోకుండా ఉండడం, ఈ రెండూ ఆయన అక్కడే నేర్చుకుని ఉండాలని నాకు తోస్తుంది. ఎందుకంటే ఆ తరువాత వచ్చిన ఐదేళ్ళ నరకంలో ఆయన ప్రవర్తన అలాగే ఉంది.

అల్జీర్స్ చెర

1575 సెప్టెంబరులో తమ్ముడు రొద్రీగోతో కలిసి నేపుల్స్‌లో సోల్ అనే ఓడ ఎక్కాడు. ఆరేళ్ళ తరువాత స్వదేశ ప్రయాణం. జేబులో సేనాధిపతి డాన్ హువాన్ ఇచ్చిన సిఫారసు ఉత్తరం. దాన్ని చూపించి రాజుగారి దగ్గర మంచి ఉద్యోగం సంపాదించాలని ఆశ. స్పెయిన్ తీరం దగ్గర పడుతుండగా అల్జీర్స్ సముద్రపు దొంగలు ఓడను చుట్టుముట్టారు. అన్నదమ్ములిద్దరూ బానిసలుగా ఆఫ్రికా తీరానికి చేరారు.

ఆ సిఫారసు ఉత్తరమే ఆయన కొంప ముంచింది. ఇంత పెద్దవాళ్ళ సంతకాలున్న ఉత్తరం దగ్గర పెట్టుకున్నవాడు ఎవరో గొప్పింటి బిడ్డ అయి ఉంటాడని యజమాని డాలీ మామీ అనుకున్నాడు. విడుదల సొమ్ము 500 బంగారు ఎస్కూడోలుగా కట్టాడు. ఇంటి దగ్గర చూస్తే పూట గడవని సంసారం. కొడుకుల్ని విడిపించుకోవడానికి తల్లి లెయొనోర్ భర్త బతికుండగానే విధవనని చెప్పి ప్రభుత్వ సాయం అడిగింది. అక్కచెల్లెళ్ళు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు. 1577లో చేరిన సొమ్ము ఇద్దరికీ చాలలేదు. సెర్వాంటెస్ తాను ఉండిపోయి తమ్ముణ్ణి పంపించాడు.

ఐదేళ్ళలో నాలుగు సార్లు పారిపోవాలని చూశాడు. నాలుగుసార్లూ ఒంటరిగా కాదు, తోటి బానిసల్ని వెంటబెట్టుకునే. మొదటిసారి ఎడారి దారిన ఒరాన్ కోటకు పోతుంటే దారి చూపేవాడు మధ్యలో వదిలేసి పోయాడు. రెండోసారి ఊరి బయట తోటలో ఒక గుహ చూసి, పద్నాలుగు మందిని నెలల తరబడి అందులో దాచి, తిండి పంపుతూ, వాళ్ళకోసం రావలసిన ఓడ కోసం కాచుకున్నాడు. లోపలి మనిషే ద్రోహం చేశాడు. సిపాయిలు చుట్టుముట్టగానే సెర్వాంటెస్ ముందుకు వచ్చి, ఈ పన్నాగం అంతా తనదే, మిగతావాళ్ళకు ఏ పాపమూ తెలియదని ఒప్పుకున్నాడు. అయినా ఆ తోటమాలి హువాన్ అనే పేదవాణ్ణి ఉరి తీశారు. మూడోసారి ఒరాన్ కోటకు రహస్యంగా ఉత్తరం పంపాడు. అది పట్టుకుపోయిన అరబ్బు సేవకుణ్ణి కొరత వేసి చంపారు. సెర్వాంటెస్‌కు 2000 దెబ్బలు శిక్ష వేశారు, కాని అమలు జరపలేదు. నాలుగోసారి 1579లో అరవై మంది ఎక్కగల ఓడ సిద్ధం చేశాక, స్వదేశీయుడైన ఒక మతాచార్యుడే పోయి చెప్పేశాడు. అప్పుడూ నేరం తన నెత్తిమీదే వేసుకున్నాడు. ఇంకొకరి పేరు నోట రానివ్వలేదు.

ఇన్నిసార్లు దొరికినవాణ్ణి కాలో చెయ్యో తీయకుండా పాషా ఎందుకు వదిలాడో చరిత్రకారులు నేటికీ చర్చించుకుంటూనే ఉన్నారు. చివరికి 1580 సెప్టెంబరు 19న, కాన్‌స్టాంటినోపుల్ పోయే ఓడలో గొలుసులతో కూర్చోబెట్టిన తరువాత, హువాన్ హిల్ అనే సన్యాసి ఇంటివాళ్ళిచ్చిన సొమ్ముకు చందాలు కలిపి 500 ఎస్కూడోలు కట్టి విడిపించాడు. అల్జీర్స్ వదిలే ముందు ఆయన నడవడి గురించి తోటి ఖైదీలు పన్నెండుమంది ఇచ్చిన సాక్ష్యం రాతపూర్వకంగా మిగిలింది. తన దగ్గర ఉన్న కాస్తలోనే దిక్కులేని బానిసలకు తిండి పెట్టేవాడనీ, నిరాశపడ్డవాళ్ళకు ధైర్యం చెప్పేవాడనీ అందులో ఉంది. ఒక చెయ్యి పోయినవాడు, స్వేచ్ఛ కూడా పోయినవాడు, పెట్టడానికి తన దగ్గర ఇంకా ఏదో ఉందని గుర్తించాడన్నమాట.

వీరుడికి దక్కిన కొలువు

తిరిగి వచ్చేసరికి 33 ఏళ్ళు. లెపాంటో సంగతి దేశం మరచిపోయింది. నాటకాలు రాశాడు, కొన్ని ఆడాయి. 1584లో ఎస్కీవియాస్ గ్రామంలో కాతలీనా అనే ఆమెను పెళ్ళాడాడు. 1585లో లా గలతేయా అనే కావ్యకథ అచ్చయింది. వీటివల్ల పొయ్యి మాత్రం వెలగలేదు.

1587లో ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. ఇంగ్లండు మీదికి పోయే నౌకాదళం కోసం ఆండలూసియా పల్లెల్లో తిరిగి గోధుమలు, నూనె వసూలు చేయాలి. సర్కారు సొమ్ము ఎప్పుడిస్తుందో తెలియదు, ధాన్యం మాత్రం ఇప్పుడే కొలవాలి. మన లెవీ ధాన్యం రోజులు చూసినవాళ్ళకు ఆ ఉద్యోగి బతుకెలా ఉంటుందో చెప్పనక్కరలేదు. రైతులు తిట్టారు. చర్చి ధాన్యం ముట్టుకున్నందుకు ఎసిహా పట్నంలో మతాధికారులు ఆయన్ని వెలివేశారు. బాధపడేవాడి వైపునుంచి లోకాన్ని చూసిన మనిషి ఇప్పుడు బాధపెట్టే కుర్చీలో కూర్చుని చూడవలసి వచ్చింది.

1590లో అమెరికా వలసల్లో ఖాళీగా ఉన్న నాలుగు ఉద్యోగాల్లో ఏదో ఒకటి ఇప్పించమని, తన యుద్ధసేవలన్నీ రాసి అర్జీ పెట్టుకున్నాడు. ఇక్కడే ఏదైనా చూసుకోమని అర్జీ మీద రాసి తిప్పి పంపారు. 1592లో కాస్త్రో దెల్ రియోలో కొన్నాళ్ళు జైలు. 1597లో తాను వసూలు చేసిన పన్ను సొమ్ము దాచిన షాహుకారు దివాలా తీయడంతో సెవిల్‌లో మళ్ళీ జైలు. తండ్రి అప్పులకు జైలు చూసిన కొడుకు, లెక్కలకు జైలు చూశాడు.

జైలులో మొలకెత్తిన నవ్వు

డాన్ క్విక్సోట్ కథ ఒక చెరసాలలో పుట్టిందని ఆ పుస్తకం ముందుమాటలోనే సూచించాడు. 1605లో మాడ్రిడ్‌లో మొదటి భాగం వెలువడింది. అప్పుడాయనకు 57 ఏళ్ళు. దేశమంతా విరగబడి చదివింది. కాని పుస్తకం హక్కులు ప్రచురణకర్తకు అమ్ముకోవడం వల్ల రచయిత పేదవాడుగానే మిగిలాడు.

ఈ పుస్తకంలో ఇతరుల కష్టం గురించిన ఆలోచన ఎలా నడిచిందో మూడు ఘట్టాలలో చూద్దాం.

మొదటిది, ఆంద్రెస్ అనే గొర్రెల కాపరి కుర్రవాడిది. యజమాని వాణ్ణి చెట్టుకు కట్టేసి తోలుపట్టాతో కొడుతుంటాడు. కారణం గొర్రెలు తప్పిపోవడం, అసలు కారణం తొమ్మిది నెలల జీతం బాకీ. డాన్ క్విక్సోట్ వెళ్ళి ఈటె ఝళిపించి, కట్లు విప్పించి, జీతం ఇచ్చేస్తానని మాట పుచ్చుకుని, తాను గొప్ప ధర్మకార్యం చేశానని మురిసిపోతూ వెళ్ళిపోతాడు. ఆయన కనుమరుగు కాగానే యజమాని కుర్రవాణ్ణి మళ్ళీ కట్టేసి రెట్టింపు కొడతాడు. తరువాతెప్పుడో ఎదురుపడిన ఆంద్రెస్, మళ్ళీ ఎప్పుడైనా తనను ముక్కలుగా నరుకుతున్నా సరే దయచేసి సాయానికి రావద్దని దణ్ణం పెట్టిపోతాడు. చదువుతుంటే నవ్వొస్తుంది. కాని అల్జీర్స్ తోటమాలి గుర్తుకు వస్తే నవ్వు ఆగిపోతుంది. మన సాహసానికి వేరేవాడు మూల్యం చెల్లిస్తాడని సెర్వాంటెస్ కళ్ళారా చూసినవాడు. జాలిపడి ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోతే చాలదనీ, ఆ తరువాత ఏమవుతుందో కూడా మనదే బాధ్యత అనీ ఈ ఘట్టం చెబుతోంది.

రెండోది, ఓడల తెడ్లు వేయడానికి గొలుసుల్లో నడిపించుకుపోతున్న పన్నెండుమంది ఖైదీలది. డాన్ క్విక్సోట్ వాళ్ళను ఆపి, ఒక్కొక్కణ్ణీ పలకరించి ఏం నేరం చేశావని అడుగుతాడు. సర్కారుకు వాళ్ళు వట్టి తెడ్డుకర్రలు. ఈ పిచ్చివాడికి మాత్రం ఒక్కొక్కడికీ ఒక కథ ఉంది. వాళ్ళను విడిపిస్తాడు. వాళ్ళేమో కృతజ్ఞతగా రాళ్ళతో కొట్టి పోతారు. బాధపడేవాళ్ళందరూ మంచివాళ్ళు అన్న భ్రమ సెర్వాంటెస్‌కు లేదు. మంచివాళ్ళయితేనే మనుషులుగా చూస్తామన్న షరతూ లేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. స్పెయిన్‌లో తరతరాలుగా ఉంటున్న ముస్లిం సంతతివారిని, క్రైస్తవం పుచ్చుకున్నా నమ్మకుండా, 1609 నుంచి 1614 వరకు ప్రభుత్వం దేశం నుంచి వెళ్ళగొట్టింది. దాదాపు 3 లక్షలమంది ఇల్లూ వాకిలీ వదిలి పోవలసి వచ్చింది. ఆ గాయం పచ్చిగా ఉండగానే, 1615లో వెలువడిన రెండో భాగంలో రికోతె అనే పాత్రను తెచ్చాడు. రికోతె సాంచో ఊరి దుకాణదారు. వెళ్ళగొట్టబడి, మారువేషంలో దొంగచాటుగా తిరిగి వచ్చి దారిలో సాంచోకు తారసపడతాడు. పాత ఇరుగుపొరుగు ఇద్దరూ చెట్టునీడన కూర్చుని తెచ్చుకున్నది పంచుకు తింటారు. ఎక్కడికి పోయినా తాము పుట్టిన స్పెయిన్ కోసమే ఏడుస్తున్నామని రికోతె చెప్పుకుంటాడు. రాజాజ్ఞ ప్రకారం పట్టివ్వవలసిన సాంచో, పట్టివ్వనని మాట ఇచ్చి పంపేస్తాడు.

ఇది రాసిందెవరు? టర్కీ సేనతో జరిగిన పోరులో చెయ్యి పోగొట్టుకున్నవాడు. అల్జీర్స్‌లో ఐదేళ్ళు బానిసగా గొలుసులు మోసినవాడు. పగబట్టడానికి ఆయనకున్నంత కారణం ఆనాటి స్పెయిన్‌లో ఎంతమందికి ఉంది? ఆయన ఇతర రచనల్లో కొన్ని పాత్రలు ఆ జాతిని దుర్భాషలాడిన మాటా నిజమే. కాలం తాలూకు ద్వేషం ఆయన కలానికీ అంటింది. అయినా ఒక చెట్టునీడన, ఒక రొట్టె పంపకంలో, శత్రువు ముఖంలో పొరుగువాణ్ణి చూడగలిగాడు. అంతేకాదు, డాన్ క్విక్సోట్ కథ తనది కాదనీ, సీదె హమేతె అనే అరబ్బు చరిత్రకారుడు రాసిందనీ పుస్తకంలో ఒక చమత్కారం చేశాడు. తన కీర్తికి కారణమైన కథను, కథలోనైనా, ఒక అరబ్బు చేతిలో పెట్టాడు.

ఒంటిచేతి మీద వెక్కిరింత

1614లో అవెయానేద అనే మారుపేరుతో ఎవరో డాన్ క్విక్సోట్‌కు దొంగ రెండో భాగం అచ్చు వేశారు. అంతటితో ఊరుకోక, ముందుమాటలో సెర్వాంటెస్ ముసలితనాన్నీ, ఒంటిచేతినీ ఎగతాళి చేశారు. మరుసటి ఏడు తన సొంత రెండో భాగం ముందుమాటలో ఆయన జవాబు చెప్పాడు. తిట్లకు తిట్లు పెట్టలేదు. వయసును ఆపడం తన చేతిలో ఉందా అని అడిగాడు. చెయ్యి ఏ సారాయి దుకాణంలోనో పోలేదనీ, ఇప్పుడు అడిగినా ఆ గాయం లేకుండా బతకడం కంటే ఆ రోజు అక్కడ ఉండడమే కోరుకుంటాననీ చెప్పాడు. 1613లో అచ్చయిన నీతికథల సంపుటి ముందుమాటలో తన రూపం తానే వర్ణించుకుంటూ, పళ్ళు ఆరే మిగిలాయనీ, మాట తడబడుతుందనీ, ఎడమచెయ్యి పోయిందనీ నవ్వుతూ రాసుకున్నాడు. తన లోపాన్ని తానే ముందు చెప్పుకుని నవ్వగలవాణ్ణి వెక్కిరించి ఎవరేం సాధిస్తారు?

ఆ చివరి మూడు నాలుగేళ్ళలో ఆయన చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నీతికథల సంపుటి, పర్నాసస్ యాత్ర అనే దీర్ఘకావ్యం, ఎనిమిది నాటకాల సంపుటి, డాన్ క్విక్సోట్ రెండో భాగం, పెర్సీలెస్ నవల. అన్నీ ఈకకలంతోనే. ఆ కలం మొన అరిగినప్పుడల్లా చాకుతో చెక్కుకోవాలి, రాసేటప్పుడు కాగితం కదలకుండా పట్టుకోవాలి. రెండు చేతులూ అడిగే పనులే ఇవి.

1616 ఏప్రిల్ 19న, చావు మంచం మీద, పెర్సీలెస్ నవల అంకితం లేఖ రాయించాడు. 22న కన్నుమూశాడు. తనను చెరనుంచి విడిపించిన సన్యాసుల సంఘానికే చెందిన ట్రినిటేరియన్ మఠంలో మాడ్రిడ్‌లో పూడ్చారు. తరువాతి కాలంలో సమాధి జాడ పోయింది. 2015లో ఆ మఠం నేలమాళిగలో శాస్త్రజ్ఞులు వెదికినప్పుడు, వాళ్ళు ఆనవాలుగా పెట్టుకున్నవి రొమ్ములో గుండు దెబ్బలు, పనిచేయని ఎడమచెయ్యి. పలువురి ఎముకలు కలిసిపోయి ఉన్నాయి. అందులో ఆయనవీ ఉన్నాయని తేల్చారుగాని, ఇవే ఆయనవని విడదీయలేకపోయారు. జీవితమంతా పదిమందితో కలిసి బతికినవాడు పదిమంది ఎముకల్లోనూ కలిసిపోయాడు.

ఏప్రిల్ 23ను ప్రపంచమంతా పుస్తక దినోత్సవంగా జరుపుకుంటోంది. స్పానిష్ సాహిత్యంలో అత్యున్నత పురస్కారానికి సెర్వాంటెస్ పేరు పెట్టారు. దాన్ని ప్రదానం చేసేది ఎక్కడో తెలుసా? ఆయన చదువుకోలేకపోయిన అల్కలా విశ్వవిద్యాలయం సభామందిరంలో.

మనకేమిటి?

విద్యార్థి మిత్రులారా! కష్టం వస్తే మనిషి దానంతటదే మంచివాడవుతాడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అదే లెపాంటోలో గాయపడ్డవాళ్ళు వేలమంది. అదే అల్జీర్స్ చెరలో తోటివాణ్ణి పట్టిచ్చి బాగుపడాలని చూసినవాళ్ళూ ఉన్నారు. గాయం ఎవరికైనా తగులుతుంది. దాన్ని కిటికీ చేసుకోవడమా, గోడ చేసుకోవడమా అన్నది మన వంతు. సెర్వాంటెస్ ఆ చేతిని చూపించి లోకం మీద కసి పెంచుకోవచ్చు. కాని తనకు లేని చేతి గురించి ఏడవడం కంటే, పక్కవాడికి ఏది లేదో చూడడం ఆయనకు అలవాటయింది. ఆంద్రెస్‌కు జీతం లేదు, ఖైదీకి పేరు లేదు, రికోతెకు దేశం లేదు.

అందుకే ఒకపూట చెయ్యి కట్టుకుని చూసే అనుభవాన్ని నేను తీసిపారేయడం లేదు. చొక్కా బొత్తాం ఎంత కష్టమో అది చెబుతుంది. అర్జీ తిప్పి పంపినప్పుడు ఎలా ఉంటుందో, నలుగురిలో వెక్కిరిస్తే ఎలా ఉంటుందో, సాయం అడగడానికి పదోసారి నోరు తెరవడం ఎంత బరువో అది చెప్పదు. దానికి కట్టు అక్కరలేదు, చెవులు కావాలి. డాన్ క్విక్సోట్ ఖైదీల్ని అడిగినట్లు ఒక్కొక్కణ్ణీ అడగాలి, వినాలి. ఆంద్రెస్ విషయంలో చేసినట్లు సగంలో వదిలి పోకూడదు.

2016 నాటి చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వికలాంగ విద్యార్థులకు కేటాయించింది. సీటు చట్టం ఇస్తుంది. మెట్ల దగ్గర ఆగిపోయిన స్నేహితుడికి క్లాసు రూము కింది అంతస్తుకు మార్చమని ప్రిన్సిపాలుగారిని అడగడం, ఒంటిచేత్తో రాసేవాడికి పరీక్షలో అదనపు సమయం వచ్చిందో లేదో కనుక్కోవడం, మెస్సులో పళ్ళెం పట్టుకోలేనివాడు నోరు తెరిచి అడగకముందే పక్కన నిలబడడం, ఇవి మాత్రం చట్టం చేసే పనులు కావు. రెండు చేతులూ ఉన్నవాళ్ళం మనం చేయవలసినవి. ఆ పని ఈ ఏడే మన యూనియన్ తలకెత్తుకుంటే, నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ఒంటిచేతి పెద్దాయన్ని మనం నిజంగా చదువుకున్నట్లే.